ఆల్మటీలో యోగేశ్వరి

యోగేశ్వరికి యాభై ఆరేళ్లు వచ్చేదాకా దారి తప్పే అవసరమే రాలేదు. మలేషియాలో కొబ్బరి తోటల మధ్య పుట్టి, పెళ్లయ్యాక సింగపూర్ వచ్చింది. పొద్దున పుంగ్గోల్‌లో రైలెక్కి పాయా లేబార్‌లోని ఆఫీసుకు, సాయంత్రం అదే దారిన ఇంటికి. సెలవులకు ఎక్కడికి వెళ్లినా టిక్కెట్లు, దారులు భర్త సింహాచలమే చూసుకునేవాడు.

పోయినేడు కూతురు శ్రీజను కంపెనీ కొన్నాళ్లపాటు కజక్‌స్తాన్‌లోని ఆల్మటీకి పంపింది. చూసొద్దామని యోగేశ్వరి బయల్దేరింది. మోకాలి నొప్పితో సింహాచలం ఆగిపోయాడు.

"అమ్మా, ఫ్లాట్‌లోనే ఉండు, ఓకే? హియర్ ఆల్ రష్యన్ లాహ్," అని చెప్పి శ్రీజ ఆఫీసుకు పోయేది.

రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని చూసింది. మూడో రోజు కోటు తొడుక్కుని బజారుకు వెళ్లింది. వెళ్లడం బాగానే వెళ్లింది. తిరిగి రావడానికి ఎక్కిన బస్సు ఎంత దూరం పోయినా ఇల్లు రాలేదు. చలికి ఫోను ఆరిపోయింది. గబగబా దిగేసింది.

స్టాపులో తలకు రుమాలు కట్టుకున్న ముసలమ్మ ఒకావిడ నిలబడి ఉంది. యోగేశ్వరికి తమ వీధి పేరొక్కటే తెలుసు. "అబాయ్, అబాయ్," అంది. ఆవిడ రష్యన్‌లో గడగడా ఏదో చెప్పింది. అర్థం కాలేదని గ్రహించి, యోగేశ్వరి భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది. ఎదురుగా మంచు కొండలు. ఆవిడ వాటికేసి చూపించి చెయ్యి పైకెత్తింది. తర్వాత బస్సు పోయిన వైపు చూపించి చెయ్యి కిందికి దించింది.

ఊరంతా ఒకే వాలు. కొండల వైపు పోతే పైకి, బస్సు పోయిన వైపు పోతే కిందికి. అబాయ్ వీధి పైనుంది. యోగేశ్వరి రోడ్డు దాటి, కొండల వైపు పోయే బస్సెక్కింది. శ్రీజ కంటే ముందే ఇల్లు చేరింది.

ఇక ఆగలేదు. వీధి వీధినా PECTOPAH అని బోర్డులు కనిపిస్తే, "పెక్టోపా" ఏదో పెద్ద కంపెనీ అనుకుంది. ఒక బోర్డు కింద అద్దాల వెనక జనం భోజనం చేస్తుంటే చూసి అక్షరాలు కూడబలుక్కుంది. P అంటే ర, C అంటే స, H అంటే న. రెస్టోరాన్! నడివీధిలో పకపకా నవ్వింది.

శనివారం మంచు కురిసింది. బజారుకు పోదామని శ్రీజ ఎంత ప్రయత్నించినా టాక్సీ దొరకలేదు.

"రాయే, బస్సులో పోదాం."

"అమ్మా, ఐ నెవర్ టేక్ బస్ హియర్."

"నాకు తెలుసు కదా. ఏటయిపోద్ది?"

బజారు స్టాపు బోర్డు చదివి తల్లి దిగమంటే దిగింది శ్రీజ. అక్కడినుంచే తండ్రికి ఫోను చేసింది. "నాన్నా, ఐ యామ్ ఫాలోయింగ్ హర్, యు నో! షీ కెన్ రీడ్ రష్యన్!" ఆ గొంతులో గర్వం విని యోగేశ్వరికి కళ్లు చెమర్చాయి. కూతురికి కనపడకుండా యాపిల్ పళ్ల దుకాణం వైపు తిరిగింది.

సింగపూర్ తిరిగొచ్చాక, పుంగ్గోల్ హాకర్ సెంటర్ తిండి దుకాణాల దగ్గర కలిసిన ప్రతివాళ్లకూ భార్య రష్యన్ చదువుతుందని సింహాచలం చెప్పడమే. ఒకరోజు పక్క బ్లాకు అరుణమ్మ నమ్మలేక అడిగింది.

"నిజంగా నీకు రష్యన్ చదవడం వచ్చా?"

ఇంతకు ముందైతే "అబ్బే, అంత లేదండీ," అనేది. ఇప్పుడు కాఫీ గ్లాసు కింద పెట్టి, "బోర్డులు చదవగలను. వచ్చే జూన్‌లో తాష్కెంట్ వెళ్తున్నా, ఒక్కదాన్నే," అంది.