చర్చి దాటిపోయిన గుమ్మడికాయ

ఒక గుమ్మడికాయ వల్ల నా పెళ్లి తప్పిపోబోయింది. నవ్వకండి, ఆ రోజు నా ముఖం చూసి ఉంటే మీకే జాలేసేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. పట్నంలో కాలేజీలు మూతపడ్డాయి. నేను పుస్తకాలు మూటగట్టుకుని మొయినాబాద్ దగ్గరి మా ఊరు హిమాయత్‌నగర్ చేరాను. పెరట్లో మా అమ్మ పెట్టి, ఇంటికప్పు మీదికి పాకించిన గుమ్మడితీగకు అప్పుడే రెండు పిందెలు పడ్డాయి. చర్చిలో కోత పండుగకు ఒకటి దేవునికివ్వాలని, మంచిది చూసి గుర్తు పెట్టమని అమ్మ నాకు అప్పజెప్పింది. నేను బి.ఎ. చదువుతున్న తెలివిగలవాణ్ణి కదా, బక్కదాన్ని ఏరి, దాని మీద తుమ్మముల్లుతో 'దేవునికి' అని గీశాను. బలిసినది మాకు. దేవుడు ఒక్కడే, ఎంత తింటాడు అనుకున్నాను.

మాది పది రోజులకే కుళ్లి రాలింది. దేవునిది మాత్రం ఇంటికప్పు మీద కూర్చుని దున్నపోతు తలకాయంత అయింది. కాయతో పాటు నా అక్షరాలూ పెరిగాయి. వీధిలో నిలబడి చదవొచ్చు.

సరిగ్గా అప్పుడే కనకమామిడిలో నాకు సంబంధం చూస్తున్నారు. అమ్మాయి తండ్రి మా మొయినాబాద్ చర్చికే సంఘ పెద్ద. కాలేజీ లేదు, నౌకరీ లేదు, ఆయనకు చూపించడానికి నా దగ్గరున్న ఘనత ఆ కాయ ఒక్కటే. అమ్మకు చెప్పకుండా కోశాను. అక్షరాల మీద ఎర్రమట్టి మెత్తి, భుజానికెత్తుకుని బయల్దేరాను. బస్సులు బందు కాబట్టి నడకే. మొయినాబాద్ చర్చి ముందు నుంచి తలొంచుకుని పోయాను. ఆ తర్వాత చిన్న జల్లు కురిసింది. చల్లగా ఉందని సంతోషించాను గాని మట్టి సంగతి మరిచాను. ఎదురైనవాళ్లు నన్ను చూసి దండాలు పెడుతుంటే, కాబోయే అల్లుణ్ణని అప్పుడే తెలిసిపోయిందనుకుని మురిసిపోయాను.

వాకిట్లో కాయ దించాను. పెద్దాయన దాని చుట్టూ తిరిగి, నిదానంగా చదివారు.

"దేవుడు మా ఇంట్ల ఉంటడని నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?"

చర్చికే తీసుకుపోతున్నానని, దారిలో మిమ్మల్ని పలకరిద్దామని ఆగానని అబద్ధమాడాను.

"చర్చి దాటే గద వచ్చినవ్" అన్నారాయన.

తలుపు చాటు నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "దేవునికి రాసిచ్చింది మళ్ల గుంజుకున్నోడు, రేపు నాకేం మిగులుస్తడు బాపూ?"

సంబంధం పోయిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది కూడా అప్పుడే. ఇక దాచి లాభం లేదని, బక్క పిందె సంగతితో సహా అంతా ఒప్పుకున్నాను. లోపల కాసేపు నవ్వు, ఆ వెంటే మళ్లీ ఆ అమ్మాయి గొంతు.

"ముందుగాల ఎక్కడిదక్కడ పెట్టి రమ్మను. తర్వాత చూద్దాం."

మోసుకుంటూ వెనక్కి చర్చిదాకా నడిచాను. పండుగ ఆదివారం పాస్టరుగారు ఆ కాయను అందరికీ చూపించి, పిందెగా ఉన్నప్పుడే దేవునికి రాసిచ్చిన ఈ యువకుని విశ్వాసం చూడండని తెగ మెచ్చుకున్నారు. ఆడవాళ్ల వైపు ఒకమ్మాయి నోట్లో ఓణీ కుక్కుకుని ఊగిపోతోంది. నేను చాప కింద దూరడానికి చోటు వెతికాను.

పెళ్లి మాత్రం జరిగింది. ఇన్నేళ్లకు మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఇకమీదట దేవుని కాయ ఏదో, రెండూ పెరిగాకే తేలుస్తాను.

ఈ మాట నా వెనక నిలబడి చదివిన మా ఆవిడ కలం లాక్కుంది. అట్లా కాదట, పెద్దదే ఇస్తానని రాయాలట. రాస్తున్నాను, పెద్దదే ఇస్తాను.