మంకీ క్యాపు

మనాలిలో స్వెట్టర్లు చూస్తూ ఫోనులో అమ్మతో మాట్లాడుతుంటే, కొట్టు ఆవిడ నవ్వి, "నెల్లూరా అన్నా మీది?" అంది. చాలా ఏళ్ళు చలికాలంలో నెల్లూరొచ్చి రోడ్డు పక్కన ఉన్నిబట్టలు అమ్మిందట.

"మీవాళ్ళు స్వెట్టర్లు ముట్టరన్నా. అందరూ మంకీ క్యాపులే కొనినారు. చెవులు మూస్తే చలి పోతాదంట!"

నాన్న గుర్తొచ్చాడు. తెల్లవారుజామున పులికాట్ సరస్సులో నడుంలోతు నీళ్ళలో వల లాగేవాడు. ఒంటి మీద చొక్కా ఉండేది కాదు, తలకు మాత్రం మంకీ క్యాపు.

సిగ్గుపడుతూనే సంచిలోంచి నాన్న క్యాపు తీశాను. ఆమె ఊడిన అంచును ఉన్నిదారంతో కుట్టి ఇచ్చింది.

"స్వెట్టరు కూడా తీసుకో అన్నా, ఇది నెల్లూరు కాదు."

తీసుకున్నాను. క్యాపు తొడుక్కుని మంచులోకి అడుగుపెడితే, గుప్పున చేపల వాసన.