దేవదాస్ మామ బీపీ పందెం

మా దేవదాస్ మామకు ఎదుటివాళ్ళ రోగమంటే కుళ్ళు. ఎవరైనా బంగారం కొన్నా, ఊళ్ళో స్లాబు ఇల్లు కట్టినా ఆయన కన్నెత్తి చూడడు. కానీ "నిన్నట్నుంచి నడుము నొప్పి" అని ఎవరైనా అన్నారా, ఆయన మొహం మాడిపోతుంది. వెంటనే తన నడుము కూడా పట్టుకుంటాడు.

ఆయన నాకు సొంత మామేం కాదు. సూరత్‌లో, డిండోలిలో, మా గోడకు ఆనుకున్న గది వాళ్ళది. మా అవ్వను, అంటే మా అమ్మ బుచ్చవ్వను, అక్కా అంటాడు కాబట్టి నాకు మామయ్యాడు. ముప్పై ఏళ్ళు మరమగ్గాల కార్ఖానాలో పనిచేశాడు. ఆ మోతలో మాట వినపడాలంటే అరవాల్సిందే. అలా అరిచీ అరిచీ, ఇప్పుడు ఆయన ఎవరి చెవిలో గుట్టు చెప్పినా పక్క గల్లీవాళ్ళు తలుపు తీసి చూస్తారు. కార్ఖానాలో ఇంకో అలవాటు కూడా అంటింది. అక్కడ ఇద్దరు కలిస్తే ముందు అడిగేది, నువ్వెన్ని మగ్గాలు నడుపుతున్నావని. మామ ఆ పోటీని జబ్బుల్లోకి తెచ్చాడు.

ఓసారి మా గల్లీ సాంబయ్య కడుపునొప్పితో పెద్ద దవాఖానలో మూడు రోజులుండి వచ్చాడు. మామకు రెండు పూటలు అన్నం సయించలేదు. "వానికేం, అంబులెన్సు ఇంటి ముంగటికే వచ్చె. కాలు కింద పెట్టనియ్యలే" అని మూతి ముడుచుకున్నాడు. మామ వాళ్ళావిడ జమునత్త తల కొట్టుకుంది.

గల్లీ చివర ఒక చిన్న డాక్టరు గది ఉండేది. షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికొస్తూ అక్కడ బీపీ చూపించుకునేవాళ్ళు. మామ అందరినీ నీకెంత అని అడిగేవాడు, తనకే ఎక్కువ ఉందని సవాలు చేసేవాడు, గదిలోకి లాక్కుపోయేవాడు. ప్రతిసారీ ఓడిపోయి బయటికొచ్చేవాడు.

నా కుళ్ళు సంగతి కూడా చెప్పేస్తాను. మా అవ్వకు బీపీ. నేను చీరలకు రాళ్ళు అంటించే పని పక్కన పెట్టి, గోలీ, నీళ్ళ గ్లాసు చేతికిస్తే తర్వాత మింగుతాలే అనేది. గోడ అవతలి నుంచి మామ "నేను మింగిన, నువ్వో?" అని కేకేస్తే చాలు, గుటుక్కున మింగేది. కన్నకూతురిని నేనుండగా ఆయన మాట వింటుందేమిటని నాకు ఒళ్ళు మండిపోయేది.

అంతలో కరోనా వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. డాక్టరు గదికి తాళం వేసి సొంతూరు వెళ్ళిపోయాడు. గల్లీలో ఒక్కొక్కరికీ గోలీలు అయిపోయాయి. రెండు నెలలు బీపీ ఊసే మరిచిన రాజలింగానికి మూతి వంకరపోతే పెద్ద దవాఖానకు మోసుకుపోయారు. రాజమ్మ కాలి పుండు ముదిరి ఆమె కూడా అక్కడికే పోయింది. మా గల్లీ గదిలో అయిదు నిమిషాల్లో తేలిపోయే జబ్బులు, అక్కడ మంచాల కోసం కొట్లాడుతున్నాయి. చిత్రమేమిటంటే, వాళ్ళిద్దరినీ చూసి మామ మూతి ముడవలేదు. నేనది అప్పుడు పట్టించుకోలేదు.

తర్వాత ప్రతి గురువారం గల్లీ మొదట్లోకి మందుల బండి రావడం మొదలైంది. అందులో బీపీ చూసే గుజరాతీ నర్సమ్మను అందరూ బెన్ అనేవాళ్ళు. కానీ ఎవరూ పోలేదు. చెయ్యి చాపితే జ్వరముందని పట్టుకుపోతారని, ఇంటి తలుపుకు కాగితం అంటిస్తారని అందరికీ భయం. అప్పటికి అవ్వ గోలీ మింగి ఇరవై రోజులైంది. తల తిరిగి గోడ పట్టుకుని నడుస్తోంది. నేను బతిమాలాను, ఏడ్చాను, పోట్లాడాను.

"నన్ను ఆ బండికాడికి తోలకు బిడ్డా. పోతే మల్ల రాను" అంది అవ్వ.

ఆ గురువారమే గల్లీలో మామ గొంతు మోగింది. మగ్గాల మోత లేదు కదా, మూడు వీధులకు వినపడింది.

"బుచ్చక్కా, నాకు నూట అరవై వచ్చింది. గింత బీపీ ఈ గల్లీల ఎవ్వరికీ ఉండదని బండిల బెన్ పరేషాన్ అయింది."

పడుకున్న అవ్వ లేచి కూర్చుంది. "వానికి నూట అరవయ్యేంది? నా ముంగట పోరడు" అని ముక్కుకు కొంగు చుట్టుకుని బయల్దేరింది. నూట డెబ్బై ఎనిమిది వచ్చింది. మిషను ఖరాబైందని మామ కాసేపు వాదించి ఓడిపోయాడు. అవ్వ గోలీల పొట్లం కొంగున కట్టుకుని, పెళ్ళిలో కట్నం చదివించుకున్నంత సంబరంగా ఇంటికొచ్చింది. పై వారానికి బండి దగ్గర పదిహేను మంది లైను కట్టారు. మామ అందరి చేతుల్లోనూ ఓడిపోయాడు.

అయిదో వారం నేను కూడా వెళ్ళాను. అవ్వ చూపించుకుని పక్కన నిలబడింది. మామ వంతు వచ్చింది. బెన్ పట్టీ విప్పుతూ, ఈయనకు ఏ రోగమూ లేదు, ప్రతి వారం ఎందుకొస్తాడని నన్నే హిందీలో అడిగింది. ఆయన కార్డు చూశాను. నూట ఇరవై, నూట పద్దెనిమిది, మళ్ళీ నూట ఇరవై. నూట అరవై ఎక్కడా లేదు. గోడ అవతల ఇన్నేళ్ళూ మింగానన్న గోలీ కూడా ఉత్తదేనన్నమాట.

మామ నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పాడు.

"విజయా, మీ అవ్వకు చెప్పకు బిడ్డా. నాకేం లేదని ఎరుకైతే ఆమె మల్ల బండికాడికి రాదు."

చెవిలోనే చెప్పాడు. లైనంతా ఇటు తిరిగింది. అవ్వ గోలీలు తీసుకుని, మా వైపు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా గోడ అవతలి నుంచి కేక లేదు. అవ్వను గోలీ మింగావా అని అడిగే ధైర్యం నాకు లేదు. రాజలింగం మూతే కళ్ళ ముందు కనిపించేది. మామ మీద ఇన్నేళ్ళు కుళ్ళుకున్నందుకు సిగ్గేసింది.

గురువారం బండి వచ్చి హారన్ కొట్టింది. మామ తన గడప మీద తల దించుకుని కూర్చున్నాడు. అవ్వ కార్డు పట్టుకుని నేరుగా ఆయన ముందుకెళ్ళి నిలబడింది.

"నూట డెబ్బై ఎనిమిది ఉన్నది పోయిన బేస్తారానికి నూట ముప్పై ఎనిమిదికి దింపిన. నువ్వు పుట్టినకాడికెల్లి నూట ఇరవై మీదనే ఉంటివి, అండ్ల నీ గొప్పేంది? ఇగ ఎవరు తక్కువైతే వాళ్ళే గెల్చినట్టు. లే, నడువ్."

మామ లేచి ఆమె వెనకే పరుగెత్తాడు. అవ్వకు నూట ముప్పై రెండు వచ్చింది. వారం రోజులు నిద్రలేని మామకు నూట ముప్పై ఆరు. మళ్ళీ చూడమని బెన్ ప్రాణం తీశాడు. ఆయన మొహం మాడింది. ఈసారి అది నాటకం కాదు.

ఆ వానాకాలం మా గల్లీ నుంచి పెద్ద దవాఖానకు పోయింది సంధ్య ఒక్కతే, అదీ కాన్పుకు. ఆమె అంబులెన్సు ఎక్కుతుంటే మామ మూతి ముడుచుకున్నాడు.

పందెం మాత్రం ఆగలేదు. ఉప్పు తగ్గించమని నేను ఎనిమిదేళ్ళు చెప్పినా వినని అవ్వ, మామను ఓడించడానికి పూర్తిగా మానేసింది. ఆ సంగతి తెలిసి మామ కూడా మానేశాడు. ఇప్పుడు జమునత్తా నేనూ కూర గిన్నెలు పట్టుకుని మెట్ల కింద కూర్చుని, వాళ్ళిద్దరికీ కనపడకుండా ఉప్పు కలుపుకుని తింటున్నాం.