తోక గొడుగులు కుట్టేవాడు

లాంగ్టన్ మిజా యుద్ధ విమానం ఎప్పుడూ ఎక్కలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా వాటి తోకలకి గొడుగులు కట్టి పంపుతున్నాడు, అవి చింపుకొచ్చినవి కుడుతున్నాడు, మళ్ళీ మడతపెట్టి కడుతున్నాడు. గ్వేరు ఊరి పక్కనున్న ఆ వైమానిక స్థావరానికి పైలట్లు వచ్చారు, పోయారు, కొందరు పెద్ద హోదాల్లోకి ఎక్కారు. లాంగ్టన్ మాత్రం అదే రేకుల షెడ్డులో, అదే బల్ల దగ్గర ఉండిపోయాడు.

గొడుగంటే వానకి పట్టుకునేది కాదు. అంత వేగంతో దిగే విమానాన్ని ఆపడానికి చక్రాల బ్రేకులు చాలవు. నేల తాకగానే తోక మొదట్లోని గొట్టంలోంచి ఒక పెద్ద గుడ్డ విచ్చుకుని, గాలిని పట్టుకుని వెనక్కి లాగాలి. దిగిన ప్రతిసారీ ఆ గుడ్డని ఏరుకొచ్చి మట్టి దులపాలి, ఆరబెట్టాలి, తాళ్ళ చిక్కు తియ్యాలి, చిన్న సంచిలోకి మోకాళ్ళతో తొక్కి కూరాలి. రోజుకి ఎనిమిది విమానాలు దిగితే ఎనిమిదిసార్లు. అందుకే యాభై రెండేళ్ళ మనిషికి డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు వచ్చాయి. ఇంటికెళ్ళి కూర్చుంటే లేవాలనిపించదు, లేస్తే కూర్చోవాలనిపించదు.

అతను చేరిన కొత్తలో ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి హంటర్ జెట్లు ఉండేవి. తర్వాత చైనా నుంచి ఎఫ్-7లు వచ్చాయి, రష్యావాళ్ళ మిగ్-21కి తమ్ముళ్ళు. ఇంగ్లండు నుంచి హాకులూ వచ్చాయి. ఇంగ్లండుతో మాట చెడగానే వాటి విడిభాగాలు ఆగిపోయాయి. చిన్న దేశం విమానం కొనడమంటే పెద్దింటి సంబంధం చేసుకోవడమే. పెళ్ళితో అయిపోదు, ఆ తర్వాత బోల్టు కావాలన్నా వియ్యంకుడి మొహం చూడాలి. మిగిలిన ఎఫ్-7లదీ అదే గతి. చేసినవాళ్ళే ఆ రకం చెయ్యడం మానేశారు. గొడుగు గుడ్డ వచ్చి నాలుగేళ్ళయింది.

ఈలోగా కొత్త విమానాలు ఏవి కొనాలో తేల్చమని ఒక కమిటీ వేశారు. కమిటీ వెయ్యడం మనవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. టీ గదిలో మందంగా వెన్న రాసిన రొట్టెలు తింటూ ఫిట్టర్లు కూడా కమిటీలైపోయారు.

"చైనావాళ్ళూ పాకిస్తాన్‌వాళ్ళూ కలిసి చేసిన జేఎఫ్-17 అయితే మన చేతికి ఒదుగుతుంది," అన్నాడు ఇంజన్ల సార్జెంటు ముచెంజె. "సుఖోయ్ తెస్తే రెండు ఇంజన్లు. దానికి తాగబొయ్యడానికే ఇల్లు గుల్ల."

"ఇండియావాళ్ళ తేజస్?" అని ఎవరో అడిగారు.

"వాళ్ళకే చాలట్లేదు, మనకేం ఇస్తారు? అసలు మనం కాచుకోవాల్సింది సరిహద్దుని, పట్టుకోవాల్సింది ఏనుగుల్ని చంపేవాళ్ళని. దానికి చిన్న శిక్షణ జెట్లు చాలు. కానీ పెద్దవాళ్ళకి పరేడ్లో ఆకాశం పగిలే చప్పుడు కావాలి కదా!"

ఆలూ లేదు చూలూ లేదు, తోక మీద ఏ రంగు వెయ్యాలో కూడా తేల్చేశారు. లాంగ్టన్ ఒక్క మాట అడిగాడు. "వాటికి గొడుగు ఉంటుందా?"

అందరూ పగలబడి నవ్వారు. "నీ ఉద్యోగం దిగులా షుంబా?" అన్నాడు ముచెంజె. షుంబా అంటే వాళ్ళ భాషలో సింహం, లాంగ్టన్‌ది సింహం వంశం. అందుకని అందరి నోటా షుంబాయే. "సింహం చేతికి సూదిచ్చిన దేవుడు, ఉద్యోగం కూడా వాడే చూసుకుంటాడులే."

"ఉద్యోగం కాదురా. గుడ్డ ఎక్కణ్ణించి వస్తుందో అని."

ఆ వారంలోనే అది జరిగింది. ఫ్లైట్ లెఫ్టినెంట్ అనేసు దిగుతుంటే గొడుగు విచ్చుకుంది, ఒక్క క్షణం ఆగింది, నిలువునా చీరిపోయింది. విమానం రన్‌వే చివరి వలలో పడి ఆగింది. అనేసు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అతని తల్లి కూడా షుంబాల ఆడపడుచే, వరసకి లాంగ్టన్ మేనమామ. అందుకని కట్టు కట్టించుకుని సరాసరి షెడ్డుకొచ్చి ఎగతాళి మొదలెట్టాడు.

"ఏం మామయ్యా, మేనల్లుణ్ణి పైకి పంపించేసి నా బూట్లు కొట్టేద్దామనా?"

"నీ పడవల్లాంటి బూట్లు నాకెందుకురా," అన్నాడు లాంగ్టన్. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

కుర్రాడు వెళ్ళాక గుడ్డని బల్ల మీద పరిచి వేలితో తడిమి చూశాడు. తన కుట్టు వీడలేదు. ఒక్క పోగు కూడా కదల్లేదు. కుట్టుకి పక్కనున్న గుడ్డ చిరిగింది. పాత గుడ్డ మీద గట్టి దారం వేసి, ఆ దారంతోనే దాన్ని చీల్చాడు. ఇన్నేళ్ళుగా తన గర్వమంతా ఆ కుట్టే. మొదటిసారి తన చేతుల్ని చూస్తే అతనికి భయం వేసింది.

ఇంట్లో భార్య మొక్కజొన్న పిండితో వండిన సడ్జా ముద్దలు వడ్డిస్తూ అంతా విన్నది. "చియేద్జా వాళ్ళ నాన్నా, ఒక మాట చెప్తా, కోప్పడకు. నువ్వు కుట్టినంత కాలం వాళ్ళు కొనరు."

"కొనడానికి నా కుట్టుకీ ఏం సంబంధం?"

"నీ ప్యాంటుకి నేను ఆరేళ్ళ నించి అతుకులేస్తున్నా. కొత్తది కుట్టించుకున్నావా?"

లాంగ్టన్ చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. అతనికి కోపం కూడా రాలేదు. కోపానికి ఓపిక కావాలి.

సోమవారం వింగ్ కమాండర్ చినెంబిరి షెడ్డుకొచ్చాడు. మంచివాడే, మూడు రాత్రుళ్ళుగా నిద్రలేని మొహం. పైకెత్తి ఉన్న రేకు తలుపు పక్కన పెట్టె మీద కూర్చున్నాడు.

"కమిటీ తేల్చడానికి ఏడాది, విమానాలు రావడానికి ఇంకో రెండేళ్ళు. అంతదాకా వీటినే నడపాలి. గొడుగులు పదకొండున్నాయి. సాగుతాయా మిజా? నీ మాట రాసి పైకి పంపాలి."

లాంగ్టన్ ఇన్నేళ్ళలో ఆఫీసర్లకి చెప్పిన జవాబు ఒక్కటే. 'అయిపోద్ది సార్.' వాన పడి గుడ్డ ఆరకపోయినా అయిపోద్ది. దారం అందకపోతే చేపల వల దారం తెచ్చి అయినా అయిపోద్ది. ఆ మాట నాలుక చివరికి దానంతటదే వచ్చింది.

"అవదు సార్," అన్నాడు.

ఆఫీసరు సరిగ్గా వినపడనట్టు చూశాడు. "ఏమన్నావ్?"

"గుడ్డలో జీవం లేదు సార్. నేను కుడితే కుట్టు నిలబడుద్ది, గుడ్డ నిలబడదు. ఒక్కటి కూడా పంపలేను."

"నువ్వు అవదని రాస్తే ఒక్క విమానమూ ఎగరదు. ఈ షెడ్డూ మూసేస్తారు. నిన్ను స్టోర్లో గుడారాలు కుట్టుకోమంటారు. తెలుసుగా?"

"తెలుసు సార్."

చినెంబిరి కాగితం బల్ల మీద పెట్టి కలం అందించాడు. లాంగ్టన్ నిలబడే రాశాడు.

నెల తిరక్కుండా విమానాలు హాంగర్లో నిలిచిపోయాయి. పైలట్లలో ఇద్దరిని హెలికాప్టర్లకి పంపారు, మిగిలినవాళ్ళకి బల్లలిచ్చి ఫైళ్ళిచ్చారు. లాంగ్టన్ స్టోర్లో గుడారాల మధ్య కూర్చుని ఉండగా అనేసు వచ్చాడు. వరస కలిపి పిలవలేదు, పెద్దవాళ్ళని పలకరించే ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కూడా తట్టలేదు.

"నాకు ఇరవై ఏడు," అన్నాడు. "కొత్తవి వచ్చేసరికి ముప్పై దాటతాయి. అప్పుడు కొత్త కుర్రాళ్ళని ఎక్కిస్తారుగానీ, ఫైళ్ళు మోసినోణ్ణి ఎక్కిస్తారా? నా చిన్నప్పట్నించీ నాకు కావల్సింది అదొక్కటే. నేలన పడేశావు నన్ను."

లాంగ్టన్ సూది కింద పెట్టాడు.

"వలలో పడ్డది నేను. ఎక్కేది నేను. నన్నొక్క మాట అడిగావా?"

"అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"అడిగితే ఏమనేవాడివి?"

"కుట్టమనేవాణ్ణి!" కుర్రాడి కళ్ళు ఎర్రబడ్డాయి. "నీ కాళ్ళు పట్టుకుని కుట్టమనేవాణ్ణి!"

"నేను కుట్టేసేవాణ్ణి," అన్నాడు లాంగ్టన్. "అందుకే అడగలేదు."

అనేసు గుడారం గుడ్డని కాలితో తన్ని బయటికి పోయాడు. వెళ్ళొస్తాననలేదు. లాంగ్టన్ కష్టపడి లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. గేటు దాకా కుర్రాడు వెనక్కి తిరిగి చూడలేదు, తిట్టుకుంటూ, విసవిసా, తన రెండు కాళ్ళ మీద నడుచుకుంటూ పోయాడు.