తొంభై ఏడు నుంచి నూట పన్నెండు దాకా

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నేను కొత్తగూడెంలో ఒక శాఖా గ్రంథాలయానికి రెండో గ్రేడు గ్రంథపాలకుణ్ణి. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. ఖాళీ వేళల్లో ఖమ్మం నుంచి వెలువడే ఒక వారపత్రికకు కొత్త నవలల మీద సమీక్షలు రాసేవాణ్ణి. పగలంతా పుస్తకాల మధ్యే ఉండి ఇంటికొచ్చాక మళ్లీ పుస్తకమేనా అని మా ఆవిడ దెప్పేది. మిఠాయి కొట్లో పనిచేసేవాడికి తీపి మొహం మొత్తుతుందేమో గానీ, నాకు ఆ భాగ్యం కలగలేదు. కొత్త నవల చేతికొస్తే అన్నం కూడా ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ తినేవాణ్ణి.

గ్రంథాలయంలో మా పద్ధతి వేరు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ముందు రిజిస్టరులో ఎక్కించి, నంబరిచ్చి, ముద్రలు వేస్తాం. ఒక ముద్ర మొదటి పేజీ మీద, ఇంకొకటి రహస్య పేజీ మీద. ప్రతి గ్రంథాలయానికీ సిబ్బందికి మాత్రమే తెలిసిన పేజీ ఒకటుంటుంది. ఎవరైనా మొదటి పేజీ చించేసి పుస్తకం తమదేనని దబాయిస్తే, ఆ పేజీ తిప్పి చూపిస్తాం. మాది నూట ఒకటి. ఇప్పటికి మార్చే ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

సమీక్షకు వచ్చే ప్రతులకు ఈ తతంగం లేదు. అవి నేరుగా ఇంటికొచ్చేవి. చదివి, రాసి, సమీక్ష అచ్చయ్యాక వాటిని గ్రంథాలయానికి ఇచ్చేసేవాణ్ణి.

ఆ వేసవిలో వచ్చిన నవల సుగుణ అనే ఆవిడది. భద్రాచలం రూటులో బస్సు కండక్టరు. మొదటి రచన. అడవి అంచు ఊళ్లో బీడీల కోసం తునికాకు ఏరే తల్లి, చదువు మాన్పించిందని ఆమెతో మాట మానేసిన కూతురు. నాలుగేళ్ల తర్వాత కూతురు తల్లిని చూడటానికి బస్సెక్కుతుంది. అక్కడిదాకా వరండాలో కుర్చీ కదలకుండా చదివాను. ఎదురు పేజీలోకి వస్తే తల్లి లేదు. చనిపోయి నెల దాటింది, కూతురు ఒక్కతే ఇంట్లో వంట చేసుకుంటోంది. ఆ ఇద్దరూ ఎదురుపడ్డ ఘట్టమే లేదు.

నచ్చని పుస్తకం మీద నాకెప్పుడూ అంత కోపం రాలేదు. ఇంత బాగా రాసిన మనిషి అసలు చోట తప్పించుకుందేమిటని మండిపడ్డాను. "కండక్టరైన రచయిత్రి పాఠకుణ్ణి నడుమ స్టేజీలో దించేసి రైట్ రైట్ అనేశారు" అని సమీక్ష ముగించాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయి మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను కూడా.

ఆదివారం సమీక్ష అచ్చయింది. సోమవారం పుస్తకాన్ని గ్రంథాలయానికి తీసుకెళ్లి రిజిస్టరులో ఎక్కించి, రహస్య పేజీలో ముద్ర వేద్దామని తిప్పాను. నూట ఒకటో పేజీ లేదు. తొంభై ఆరు తర్వాత నూట పదమూడు ఉంది.

ప్రెస్సులో పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడుస్తారు. దాన్ని ఫారం అంటారు. ఫారాలను వరసగా జతచేసి కుడతారు. నా ప్రతిలో ఏడో ఫారం జతచేయడం బైండరు మరిచిపోయాడు. తొంభై ఆరో పేజీ చివర వాక్యం పూర్తయింది. నూట పదమూడు కొత్త అధ్యాయంతో మొదలైంది. అధ్యాయాలకు అంకెలు లేవు, మూడేసి చుక్కలే. కథలో పడ్డాక పేజీ నంబరు చూసే అలవాటు నాకు లేదు. చేతిలో ముద్ర పక్కన పెట్టేశాను. సిగ్గేసింది.

పత్రిక సంపాదకుడికి ఫోన్ చేస్తే, ఒకే పుస్తకానికి రెండోసారి సమీక్ష వేయలేమనీ, కావాలంటే పాఠకుల ఉత్తరాల్లో కాస్త చోటిస్తాననీ అన్నాడు. అంతకన్నా ముందు ఆవిణ్ణి చూడాలనిపించింది. డిపోలో కనుక్కుని, బుధవారం సెలవు పెట్టి, ఆవిడ డ్యూటీలో ఉన్న భద్రాచలం బస్సెక్కాను.

టికెట్ ఇవ్వడానికి వచ్చినప్పుడు పేరు చెప్పి, పుస్తకం ఆ రెండు పేజీల దగ్గర తెరిచి చూపించాను. ఆవిడ నంబర్లు చూసింది, నా మొహం చూసింది. పుస్తకం చంకలో పెట్టుకుని వెనక సీట్లకు టికెట్లు కొట్టడానికి వెళ్లిపోయింది. పాల్వంచ దాటాక గానీ తిరిగి రాలేదు.

"గీ పదహారు పేజీలు పదకొండు సార్లు రాసిన సారూ. మిగిలిందంత వాటి సుట్టూ పేర్చిందే. మీరేమో రాయనే లేదన్నరు."

డిపోలో అందరూ ఆ సమీక్ష చదివారట. తను బస్సెక్కితే చాలు, నడుమ స్టేజీలో దింపకమ్మా అని నవ్వుతున్నారట. రెండో నవల సగం రాసి ఆపేశానని చెప్పింది. తర్వాత సంచిలోంచి తన ప్రతి తీసి నా ఒళ్లో పెట్టి, మళ్లీ పనిలో పడింది.

సారపాక వచ్చేలోపు ఆ పదహారు పేజీలూ చదివాను. కూతురు వచ్చేసరికి తల్లి ఆకు కట్టలు కడుతోంది. కట్టకు యాభై ఆకులు. కూతురు పక్కన కూర్చుని తనూ అందుకుంటుంది. ఇద్దరూ పైకి లెక్కపెడుతుంటారు, వేరే మాట లేదు. ముప్పై దగ్గర తల్లి లెక్క తప్పుతుంది. కూతురు ముప్పై ఒకటి అంటుంది. తల్లి అక్కణ్ణుంచి అందుకుంటుంది. అంతే ఆ ఘట్టం. బస్సు గోదావరి వంతెన మీదికి ఎక్కుతుంటే కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

భద్రాచలంలో దిగేటప్పుడు తప్పు నాదేనని, అది నా పేరుతోనే అచ్చు వేయిస్తానని చెప్పాను. రెండో నవల ఆపొద్దని కూడా అన్నాను. ఆవిడ ఒక్కటే మాట అంది.

"నా బస్సుల ఎవ్వర్నీ నడుమ దింపలే సారూ."

మరుసటి ఆదివారం ఉత్తరాల్లో నాది వచ్చింది. "ఈ నవలలో కీలక ఘట్టం లేదని రాసిన సమీక్షకుడు ఆ ఘట్టాన్ని చదవనే లేదు. ఆ సమీక్షకుణ్ణి నేనే" అని మొదలుపెట్టి, ఏం జరిగిందో రాశాను. ఆ ఉత్తరాన్ని డిపో నోటీసు బోర్డు మీద ఎవరో అంటించారని తర్వాత తెలిసింది.

నేను రిటైరయ్యే ఏడాది సుగుణ గారు యూనిఫాంలోనే గ్రంథాలయానికి వచ్చారు. రెండో నవల బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నారు.

"లెక్కబెట్టుకోండ్రి సారూ. తక్కువైతే ఇప్పుడే చెప్పుండ్రి, పేపర్ల రాయకుండ్రి."

ఆవిడ చూస్తుండగానే లెక్కపెట్టాను. పద్నాలుగు ఫారాలూ ఉన్నాయి. నూట ఒకటో పేజీలో, అక్షరాల మీద పడకుండా, అంచున ముద్ర వేశాను.

పుస్తకంలో ఏదో లేదనిపిస్తే రచయితను నిలదీసే ముందు చేతిలో ఉన్న ప్రతిని చూసుకోవాలి. ఉద్యోగంలో ముప్పై ఏళ్లు నేను చేసిన పని అదే. ఇంట్లో కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పేటప్పుడు మాత్రం చేయలేదు.