తాతయ్య మిషను, ముసలి డ్రమ్ములు

హెవీ మెటల్ మోగందే తాతయ్య కుట్టుమిషను కదలదు. పెడల్ మీద ఆయన పాదం డ్రమ్ముల్ని బట్టే ఆడుతుంది. పాట పరుగెత్తితే ప్యాంటు మధ్యాహ్నానికల్లా తయారు. పాట నెమ్మదిగా సాగిందంటే, చొక్కా కోసం వచ్చినాయన గుమ్మంలో నిలబడి జుట్టు పీక్కోవలసిందే. తెలిసినవాళ్లు కొలతలివ్వబోయే ముందే, "ఇవాళ ఏ పాటండీ?" అని అడుగుతారు.

పక్క మిషను తాతయ్య బావమరిదిది. ఇద్దరూ కలిసే పని నేర్చుకున్నారు. "బావతో సమంగా కుట్టలేని రోజున నా మిషనుకి ముసుగేసి ఇంటికెళ్లిపోతా" అని ఆయన పంతం. ఈమధ్య ఆయన చెయ్యి వణుకుతోంది. కుట్టిన బట్టల గుట్ట తాతయ్య గుట్ట పక్కన రోజురోజుకీ కుంగిపోతోంది.

సరిగ్గా అప్పుడే తాతయ్య కుర్రతనం నుంచీ ప్రాణం పెట్టే బ్యాండు కొత్త ఆల్బం తెచ్చింది. వాళ్లకీ జుట్టు నెరిసింది. చదువు అబ్బక దుకాణంలో గుండీలు కుడుతున్న మనవరాలు దాన్ని స్పీకర్లో పెట్టింది.

"ఎలా ఉంది తాతయ్యా?"

"గొంతు భుజాల దగ్గర బాగానే కూర్చుంది. నడుం దగ్గర వదులు."

"గిటారు?"

"ఇస్త్రీ నలగలేదు."

"మరి డ్రమ్ములు?"

"వాడికి మోకాళ్ల నొప్పులనుకుంటా. నడుస్తున్నాడో, కూర్చున్నాడో తెలియడం లేదు."

"అయితే తీసేసి పాతది పెట్టనా?"

"ముట్టుకున్నావంటే వేళ్లు విరుస్తా!"

అప్పట్నుంచీ పొద్దస్తమానం అదే ఆల్బం, దాని మీద అదే సణుగుడు. తాతయ్య మిషను మాత్రం నీరసంగా టక్కుటక్కుమంటోంది.

కత్తెర పట్టుకున్న మనవరాలి అమ్మ తల కొట్టుకుంది. "నాన్నా, బడి యూనిఫాంలు శుక్రవారానికి ఇవ్వాలి. ఆ ఏడుపు పాట మార్చు!"

"నేనేం చెయ్యనే? వాడు వాయించినట్టు కుడుతున్నాను."

బావమరిది పకపకా నవ్వాడు. "నీ పనైపోయింది బావా! చూడు, నా గుట్టా నీ గుట్టా సమానం."

"ముసలిదైంది పాటరా, నేను కాదు!"

ఆ మధ్యాహ్నం బావమరిది టీ తాగడానికి వెళ్లాడు. ఆయన సందు మలుపు తిరిగాడో లేదో, తాతయ్య గుసగుసలాడాడు. "ఏయ్ పిల్లా, పాతది పెట్టు. త్వరగా!"

ఇక చూడాలి! మిషను పూనకం వచ్చినట్టు ఊగింది. గుండీల డబ్బా బల్ల మీంచి దూకింది. నిక్కర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి.

"వీటిని నీ గుట్టలో పెట్టనా?"

"నోరు మూసుకుని మీ అమ్మ బీరువాలో పడెయ్."

మనవరాలు సమానంగా ఉన్న ఆ రెండు గుట్టల్నీ చూసింది. తర్వాత తాతయ్యను చూసింది.

"నిజం చెప్పు, ఆ కొత్త ఆల్బం నచ్చిందా లేదా?"

తాతయ్య సూదిలో దారం ఎక్కిస్తూ గొణిగాడు. "డ్రమ్ములవాడు నెమ్మదించాడు. అయినా మిగతావాళ్లు వాణ్ణి వదిలేసి ముందుకు పోలేదు చూడు. కుట్టు వంకరే. కానీ ఎక్కడా ఊడలేదు."

వీధిలో దగ్గు వినిపించింది. తాతయ్య ఉలిక్కిపడ్డాడు. "మార్చు, మార్చు!"

బావమరిది మూతి తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "ఇంకా అదే పాటా బావా?"

"ఏం చెయ్యమంటావురా! ఈ పిల్లకు ఇంకో పాటే దొరకదట."

మనవరాలు నవ్వు కనబడకుండా తల వంచి పంటితో దారం తెంపింది.

"దొరకదు చిన్న తాతయ్యా. ఎంత వెతికినా దొరకదు."