కొత్త కవరు కింద

నిన్న, కారు అమ్మేసే ముందు నేనూ బాపూ కడుగుతుంటే వెనక సీటు కవరు ఊడివచ్చింది. దాని కింద పాత రెగ్జిన్ కవరు, దాని మీద జానెడు చిరుగు, అలాగే ఉన్నాయి.

కరోనా వచ్చిన రెండో ఏడు నాకు తొమ్మిదేళ్లు. సూరత్‌లో, భేస్తాన్ అనే పేటలో ఉండేవాళ్లం. బాపు ఆ కారునే కిరాయికి నడిపేవాడు. ఊపిరి అందని అమ్మను అందులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. తల నా ఒళ్లో పెట్టుకుని పడుకుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా సీటును పట్టుకునేది. ఎండకు పెళుసెక్కిన రెగ్జిన్ ఆమె గోళ్ల కింద చిరగడం నేను చూశాను.

వారం తర్వాత బాపు ఎవరినో అడిగి కొత్త కవరు తెచ్చాడు. కవర్లు వేసే దుకాణాలు మూసి ఉండడంతో ఇంటి ముందే తొడగసాగాడు. చిరుగు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. సీటు మీద కాలు పెడితేనే కసురుకునే మనిషి. అమ్మ ఇంటికి రాగానే తిట్లు తప్పవని నాకు భయం వేసింది.

"నేనే చింపిన బాపు. అమ్మను ఏమనకు," అన్నాను.

ఆయన కవరును చిరుగు మీదికి లాగాడు.

"ఏమననులే బిడ్డా," అన్నాడు. "గా అంచు జర గట్టిగ పట్టు."

అమ్మ వచ్చేసరికి చిరుగు కనబడదని సంబరంగా పట్టుకున్నాను. ఆమె పోయి అప్పటికే మూడు రోజులైందని నాకు మర్నాడు గానీ చెప్పలేదు.

పాత కవరు ఎందుకు తీసెయ్యలేదని నిన్న కూడా అడగలేదు. నేను అంచు గట్టిగా పట్టుకున్నాను. బాపు వంగి, ఒక్కొక్క కొక్కెం మళ్లీ తగిలించాడు.